సూర్యారావుపేట చైనా వైద్యం: మనవరాలితో ఆరు సిట్టింగులు

మెట్ల మొదట్లోనే వాసన ముక్కుకి కొట్టింది. ఎండాకు కాలుతున్న ఘాటు. ముప్పై మూడేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ని, అందులో చాలా ఏళ్ళు భద్రాచలం నైట్ సర్వీసు. ఎవరి సంచిలోంచి ఎలాంటి వాసన వస్తే గుండె జారాలో నాకు బాగా తెలుసు. మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం వెనక్కి తిరుగుదామా అనుకున్నాను.

పైకెళ్ళాక తెలిసింది, అది గంజాయి కాదు, మాచిపత్రి. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో అన్నిటికంటే ముందు వేస్తామే, అదే జాతి. చైనావాళ్ళు ఆ ఆకుని ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, చుట్టలా చుట్టి వెలిగిస్తారు. ఒంటికి తగలకుండా కాస్త దూరంలో పెట్టి కాక పడతారు. మనం వినాయకుడికి వేసి మూడో రోజు కాలవలో కలిపేసేదాన్ని వాళ్ళు రెండువేల ఏళ్ళకి పైగా మందుగా వాడుతున్నారు.

క్లినిక్ పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సిన సంగతీ ఉంది, గట్టిగా తిట్టాల్సిన సంగతీ ఉంది. ఒకరి పొట్ట మీద కొట్టే పని నాకొద్దు. విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరు బోర్డు లేని గోడ వెతుక్కోవాలి కాబట్టి ఈ వివరాలతో ఎవరూ కనిపెట్టలేరు కూడా.

ఎందుకు వెళ్ళామంటే, 2025 అక్టోబరు. మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారని, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిందని టీవీలో రోజంతా చూపించారు. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు అసలు ఇవ్వొద్దనీ, ఐదేళ్ళలోపు వాళ్ళకి కూడా మామూలుగా అక్కర్లేదనీ కేంద్రం చెప్పింది. మా చిన్నదానికి నాలుగున్నర. కోడలు ఆ రాత్రే ఫ్రిజ్ తలుపులో ఉన్న మూడు సీసాలూ తీసి సింకులో వంపేసింది. వంపేశాక నా వైపు తిరిగి, "మరి రేపు దగ్గితే ఏం చేద్దాం మావయ్యగారూ?" అంది. నా దగ్గర సమాధానం లేదు. మా ఆవిడ దగ్గర తమలపాకు, ఆముదం ఉన్నాయి గానీ, కోడలికి దాని మీద నమ్మకం లేదు. వాళ్ళ ఆఫీసులో ఎవరో ఈ క్లినిక్ సంగతి చెప్పారు. పగలు ఖాళీగా ఉండేది నేనే కాబట్టి పిల్లని తీసుకెళ్ళే డ్యూటీ నాకు పడింది.

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇంట్లో నడుము లోతు నిలిచాయి. ఆ చెమ్మ గోడల్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు, మంచం వెనక సున్నం ఇప్పటికీ పొరలు పొరలుగా ఊడుతోంది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, ఆ డాక్టరమ్మ మొదట పట్టుకున్నది దాన్నే.

మామూలుగా పిల్లల డాక్టరు దగ్గర మా వంతు వచ్చాక లోపల ఉండేది నాలుగు నిమిషాలు. ఇది ఫిర్యాదు కాదు, బయట నలభై మంది కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు. ఇక్కడ నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. గడియారం చూసుకునే అలవాటు నాకు పోదు. పదకొండూ పదికి లోపలికెళ్ళాం, పదకొండూ యాభైకి బయటికొచ్చాం.

ఆవిడ అడిగిన ప్రశ్నలు వినండి. ముక్కు నీళ్ళలా కారుతుందా, చిక్కగా పచ్చగా వస్తుందా? దగ్గు రాత్రి ఎక్కువా, తెల్లవారుజామునా? నిద్రలో తల తడిసేలా చెమట పడుతుందా? దుప్పటి తన్నేస్తుందా, లాక్కుంటుందా? ఆఖరున ఏం తిని పడుకుంటుంది? దొడ్డికెళ్తే పులిసిన వాసన వస్తుందా? ఇల్లు కింది అంతస్తా, పైనా? గోడలకి చెమ్మ ఉందా?

"డాక్టర్ గారూ, గోడల సంగతి కూడానా?" అన్నాను.

"చైనావాళ్ళ లెక్కలో ఇల్లు కూడా ఒంట్లో భాగమే అంకుల్," అంది.

తర్వాత పిల్లని నాలుక చాపమంది. మా చిన్నదానికి నాలుక చాపడం కొత్తగా నేర్పాలా, వెంటనే బారెడు చాపింది. టార్చి వేసి నన్ను కూడా చూడమన్నారు. నాలుక మధ్య నుంచి వెనక దాకా తెల్లగా, మందంగా, జిడ్డు పట్టినట్టు పూత. అట్లపెనం మీద పిండి ఆరిపోయినట్టుంది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల నోట్లో అన్నం ముద్దలు పెడుతున్నాను, ఒక్కసారి కూడా నాలుక వంక చూడలేదు.

నాడి చూసే తీరు కూడా వేరు. పెద్దవాళ్ళ మణికట్టు మీద మూడు వేళ్ళు వేస్తారట. పిల్లల చెయ్యి చిన్నది కాబట్టి ఒక్క బొటనవేలితోనే మూడు చోట్లా చూస్తారు. మూడేళ్ళ లోపు పిల్లలకైతే నాడి కూడా కాదు, చూపుడు వేలి పక్కన కనిపించే సన్నటి నరం రంగు చూస్తారు. అది ఏ కణుపు దాకా పాకిందో చూసి జబ్బు ఎంత లోతుకెళ్ళిందో చెబుతారు. పిల్లల వైద్యాన్ని చైనాలో 'మూగ వైద్యం' అనేవారట, రోగి నోరు తెరిచి ఏమీ చెప్పలేడు కాబట్టి. ఆ మాట నాకు నచ్చింది.

ఇక అసలు సంగతి. కాలం మారినప్పుడల్లా పిల్లలకి ఎందుకు జబ్బు చేస్తుందని వాళ్ళు అంటారు?

బయట ఆరు ఉన్నాయంటారు. గాలి, చలి, వడ, చెమ్మ, పొడి, నిప్పు. వాటి కాలానికి అవి వస్తే ఏ ఇబ్బందీ లేదు. కాలం కాని కాలంలో వచ్చినా, మోతాదు మించినా, ఒంట్లో కాపలా బలహీనంగా ఉన్నా లోపలికి దూరతాయి. చర్మం కింద ఒక కాపలా శక్తి తిరుగుతుంటుందట, దాన్ని ఊపిరితిత్తులు నడుపుతాయట. ఊపిరితిత్తులకి తలుపు ముక్కు. అందుకే మొదట ముక్కు కారుతుంది, తుమ్ములొస్తాయి.

ఈ ఆరింటికీ ఆవిడ ఇంగ్లీషు పేర్లు చెబుతుంటే నేను మధ్యలో తెలుగు పేర్లు అందించాను. ఒక దగ్గర ఇద్దరం ఆగిపోయాం. వేసవి వేడి ఒకటి, నిప్పు ఒకటి అని విడివిడిగా ఎందుకు చెబుతున్నారు, రెండూ వేడే కదా అని కోడలు అడిగింది (ఆ రోజు పర్మిషన్ పెట్టి వచ్చింది). నాకు మాత్రం చటుక్కున అర్థమైంది. మనకి వేడి వేరు, వడ వేరు కదా! ఆవకాయ ఎక్కువ తింటే వేడి చేస్తుంది. రోహిణి కార్తెలో బందరు రోడ్డు మీద గొడుగు లేకుండా నడిస్తే వడ కొడుతుంది. వేడి చేసినవాడు సబ్జా నీళ్ళు తాగి ఆఫీసుకి వెళ్తాడు, వడ కొట్టినవాణ్ని ఆస్పత్రిలో వెయ్యాలి. చైనావాళ్ళు చెప్పేదీ అదే: వడ బయట నుంచి, అదీ ఎండాకాలంలోనే వస్తుంది. నిప్పు ఏ కాలంలోనైనా, లోపల నుంచి కూడా పుట్టొచ్చు. డాక్టరమ్మ ఆ 'వడ' అన్న మాట కాగితం మీద రాసుకుంది.

గాలి సంగతి ఇంకా తమాషా. అన్ని జబ్బులకీ గాలి పెద్ద అంటారట. చలి ఒంటరిగా లోపలికి రాలేదు, చెమ్మా రాలేదు. గాలి మోసుకొస్తుంది. నాకైతే బస్సు గుర్తొచ్చింది. గాలి బస్సు, చలీ చెమ్మా వేడీ ప్రయాణికులు. ఎవరెక్కారన్నదాన్ని బట్టి జలుబు రకం మారుతుంది. గాలీ చలీ కలిసొస్తే వణుకు, నీళ్ళలా కారే ముక్కు, నాలుక మీద పల్చటి తెల్ల పూత. గాలీ వేడీ కలిసొస్తే గొంతు నొప్పి, జ్వరం, పచ్చటి చీమిడి, ఎర్రటి నాలుక. మొదటిదానికి అల్లం, ఉల్లికాడలు కాచి వేడిగా తాగించి చెమట పట్టిస్తారు. రెండోదానికి అదే అల్లం ఇస్తే పొయ్యిలో కట్టె వేసినట్టే. మా ఇంట్లో ఏ జలుబుకైనా మిరియాల పాలే. ఆ రోజు నుంచి ముందు చీమిడి రంగు చూసి తర్వాత గిన్నె పొయ్యి మీద పెడుతున్నాం.

మా ఆవిడకి ఇదంతా చెబితే, "గాలి సోకిందని మా అమ్మమ్మ అంటే నవ్వేవారు, చైనావాడు అంటే అయిదొందలు ఇచ్చొచ్చారా?" అంది. గాలి సోకడమంటే మన వైపు దయ్యం సంగతి, ఇది అది కాదని చెప్పబోయి ఆగాను. నిజానికి అంత తేడా ఉందో లేదో నాకూ తెలియదు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ అన్నదానికి వాళ్ళ జవాబు కడుపులో ఉంది. సోంగ్ రాజుల కాలంలో, అంటే సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కింద, చియెన్ యీ అని ఒక పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆయన పద్ధతులు 1119లో పుస్తకంగా వచ్చాయి. పిల్లల అవయవాలు ఏర్పడ్డాయి గానీ నిండలేదు, నిండినా గట్టిపడలేదు అన్నది ఆయన మాట. పెద్దలకిచ్చే ఎనిమిది సరుకుల మాత్రలోంచి దాల్చినచెక్క, వత్సనాభి దుంప తీసేసి ఆరు సరుకులతో పిల్లల మాత్ర చేశాడు. పిల్లల ఒంట్లో అప్పటికే వేడెక్కువ, ఇంకా వేడి వస్తువులు ఎందుకని. ఆ ఆరు సరుకుల మాత్ర ఇప్పటికీ చైనాలో అమ్ముతున్నారు. చిన్న పిల్లల్లో ఊపిరితిత్తులు, ప్లీహం, మూత్రపిండాలు ఈ మూడూ లేతవి అంటారు. ఇక్కడ ప్లీహం అంటే మన డాక్టర్లు స్కానింగులో చూపించేది కాదు. తిన్నదాన్ని అరిగించి ఒంటికి పంచే శక్తికి వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. మన జఠరాగ్నికి దగ్గర. అది మందగిస్తే తిన్నది చెమ్మగా మారుతుంది, చెమ్మ చిక్కబడి కఫం అవుతుంది. కఫం పుట్టేది ప్లీహంలో, నిలవుండేది ఊపిరితిత్తుల్లో అని వాళ్ళలో ఒక నానుడి. డిపోలో బయల్దేరిన బస్సు బస్టాండులో కనిపించినట్టన్నమాట. మనం బస్టాండులో నిలబడి బస్సుని తిడుతుంటాం.

"మీ పాప దగ్గు రొమ్ములో లేదు అంకుల్, రాత్రి పడుకునే ముందు తాగే బాదం పాలలో ఉంది," అంది ఆవిడ.

బాదం పాలు నేనే కొనిపెడతాను. ఏలూరు రోడ్డు మీద ఐసు పెట్టెలోంచి తీసిన సీసా, సాయంత్రం ఏడున్నరకి. ఆ తర్వాత ఎనిమిదింటికి పెరుగన్నం. ఎనిమిదిన్నరకి నిద్ర. గదిలో ఏసీ ఇరవై రెండు. కోడలు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

చైనా సామెత ఒకటి చెప్పింది: పిల్లలు హాయిగా ఉండాలంటే ఎప్పుడూ మూడు పాళ్ళు ఆకలి, మూడు పాళ్ళు చలి ఉండనివ్వాలట. అంటే కడుపు పగిలేలా పెట్టకు, ఊపిరాడకుండా కప్పకు అని. పదింట మూడు పాళ్ళ ఆకలి! ఈ ముక్క మా ఇంట్లో చెప్పడానికి నాకు వారం పట్టింది. పిల్ల కంచంలో మెతుకు మిగిలితే మా ఆవిడకి ఆ రోజు నిద్రపట్టదు.

కాలాల లెక్క దగ్గర నేను కొంచెం వాదించాను. వాళ్ళకి అయిదు కాలాలు. వసంతానికి గాలి, గ్రీష్మానికి వడ, గ్రీష్మం చివర చెమ్మ, శరత్తుకి పొడి, హేమంతానికి చలి. వినడానికి బాగుంది. కానీ అది ఉత్తర చైనాలో కూర్చుని రాసిన లెక్క. అక్కడ శరత్తు వస్తే గాలి పొడిబారి పెదాలు పగులుతాయి, దగ్గు పొడిగా వస్తుంది, బేరిపండు పటికబెల్లంతో ఉడికించి పెడతారు. మనకి శరత్తంటే దసరా. అమ్మవారి మూలా నక్షత్రం రోజున కొండ కింద క్యూలో తడవకుండా దర్శనం చేసుకున్నవాడెవడు? అక్టోబరు అయిపోయేదాకా తుపానులే. బెజవాడలో పెదాలు పగిలేది ధనుర్మాసంలో, అదీ తెల్లవారుజామున ఓ రెండు గంటలు. ఇక్కడ చలి పిల్లలని పట్టే రోజులు పట్టుమని నలభై ఉండవు. మనల్ని ఏలేవి వడ, చెమ్మ. ఇదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. నెల పేరు కాదు, కిటికీ బయట చూసి చెప్పాలి అంది. అలాగైతే సరే. కానీ అదే నోటితో ఇంకో మాట అంది: చలికాలపు జబ్బుకి ఎండాకాలంలోనే మందు వెయ్యాలట. చైనాలో మూడు విడతల మహా వేడి రోజుల లెక్క ఉంది, జూలై మధ్య నుంచి ఆగస్టు దాకా. ఆ రోజుల్లో తెల్లావాల పొడి అల్లం రసంలో నూరి వీపు మీద పట్టీ వేస్తారు. వచ్చే జూలైలో తీసుకురండి అంది. జూలై మధ్యకి మనకి వానలు పడి రోళ్ళు నానుతుంటాయి, మహా వేడి రోజులు ఎక్కడివి? వేస్తే మే నెలలో వెయ్యాలి. పైగా ఆ పట్టీకి పిల్లల లేత చర్మం బొబ్బలెక్కుతుందని ఆవిడే ఒప్పుకుంది. మేం పేరు రాయించుకోలేదు.

సిట్టింగుల సంగతి. సూదులు అని భయపడక్కర్లేదు, మా పిల్లకి ఒక్క సూది కూడా గుచ్చలేదు. గుచ్చినా పిల్లలకి చటుక్కున గుచ్చి తీసేస్తారట, పెద్దవాళ్ళకిలా ఉంచరు. మా పిల్లకి చేసింది వేళ్ళతో మర్దన. బొటనవేలు ప్లీహానికి, చూపుడు వేలు కాలేయానికి, నడిమి వేలు గుండెకి, ఉంగరం వేలు ఊపిరితిత్తులకి, చిటికెన వేలు మూత్రపిండాలకి. పౌడరు రాసి ఉంగరం వేలు మెత్త మీద మూడు వందల సార్లు తోస్తారు. ముంజేతి బొటనవేలి వైపు తోస్తే ఒంటికి వెచ్చదనం, చిటికెన వేలి వైపు తోస్తే చల్లదనం అంటారు. చివర్న బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూస కింది నుంచి మెడ దాకా చర్మాన్ని రెండు చేతులా మడిచి పట్టుకుని పాకిస్తూ తీసుకెళ్తారు. మూడు మడతలకోసారి పైకి లాగుతారు. మొదటి రోజు చక్కిలిగింతలతో గది ఎగిరిపోయింది. మూడో సిట్టింగుకి ఆ మడతల్లోనే నిద్రపోయింది. పిల్లని అంత నెమ్మదిగా ముట్టుకునే వైద్యం నేను చూళ్ళేదు. మాచిపత్రి చుట్ట భుజాల మధ్య కాక పడుతున్నంతసేపూ డాక్టరమ్మ తన ఎడమ చేతి రెండు వేళ్ళు పిల్ల వీపు మీదే ఉంచింది, వేడి ఎంతుందో తన చర్మానికి ముందు తెలియాలని. ఇలాంటివి చూస్తేనే నాకు మనిషి మీద గురి కుదురుతుంది.

గోడ మీద కోట్నీస్ గారి ఫొటో ఉంది. 1938లో మన దేశం నుంచి చైనా యుద్ధభూమికి వెళ్ళిన అయిదుగురు డాక్టర్లలో ఒకరు, 1942లో అక్కడే పోయారు. ఆయన సర్జను, సూదుల వైద్యుడు కాదు. సూదుల వైద్యం మన దేశానికి తెచ్చింది అదే జట్టులోని బసు గారు, 1959లో కలకత్తాలో. ఫొటో ఆయనది పెట్టాలి న్యాయంగా.

ఇప్పుడు తిట్టాల్సింది.

నవంబరు చివరి వారం, నాలుగో సిట్టింగు అయిన మూడో రోజు, పిల్లకి జ్వరం వచ్చింది. రెండో రోజుకి నూట మూడు. సాయంత్రానికి మంచం మీద వాలిపోయింది, టీవీ పెట్టమని కూడా అడగలేదు. క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఎత్తింది కౌంటర్లో కూర్చునే అమ్మాయి. "తాతగారూ, కంగారు పడకండి, లోపలి వేడి బయటికొస్తోంది, వైద్యం మొదలెట్టాక ఇలాగే ఉంటుంది. రేపు పొద్దున పదకొండింటికి తీసుకురండి, చల్లదనానికి మర్దన చేస్తారు," అంది. ఎంత ధీమాగా అందంటే, ఒక్క నిమిషం నేను నమ్మాను కూడా.

ఫోన్ పెట్టేసి పిల్ల చొక్కా పైకెత్తి చూశాను. పక్కటెముకల కింద ఊపిరి తీసుకున్నప్పుడల్లా గుంట పడుతోంది. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లకి నిమిషానికి ఊపిరి నలభై దాటితే ఆగొద్దని మా పిల్లల డాక్టరు ఎప్పుడో చెప్పారు. వాచీ చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను. యాభై. సింగ్ నగర్ ఫ్లైఓవర్ మీద ఆటోవాణ్ని ఎంత తిట్టానో నాకే గుర్తులేదు. ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లటి మచ్చ, న్యుమోనియా. మూడు రోజులు ఆస్పత్రి, ఆక్సిజన్, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు. పొద్దున పదకొండు దాకా ఆగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ రాత్రి పూట వస్తుంది.

డిశ్చార్జి రోజున పిల్లల డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే, అన్నీ వైరస్‌లే, ఏం చేసినా చెయ్యకపోయినా వారం పది రోజుల్లో పోతాయి అని. మర్దన చేయించుకోండి, నష్టం లేదు, కానీ జలుబుని అది ఆపుతుందనడానికి గట్టి రుజువు లేదు అన్నారు. నాలుగు నిమిషాల్లోనే చెప్పారు ఇదంతా.

డిసెంబరులో క్లినిక్‌కి మళ్ళీ వెళ్ళాను, పిల్ల లేకుండా, ఒక్కణ్ణే. జరిగింది చెప్పాను. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ఆ అమ్మాయిని నా ముందే పిలిచి అడిగింది. "ఆ ఫోన్ నాకు రావాలి బాబాయ్ గారూ, తప్పు నాదే," అంది. అంకుల్ కాస్తా బాబాయ్ గారయ్యాను. ఊపిరి ఎగపోస్తుంటే, పిల్ల వాలిపోతే తన దగ్గరికి రావద్దు, నేరుగా ఆస్పత్రికే వెళ్ళాలి అని గోడ మీద రాసి పెడతానంది. మిగిలిన రెండు సిట్టింగులకి జనవరిలో వెళ్ళినప్పుడు చూశాను. రాసి పెట్టింది, కానీ ఇంగ్లీషులో.

రెండో ఫిర్యాదు పొట్లం. మూడు మూలికల పొడి, కాపలా శక్తి పెంచుతుందట, చైనాలో దానికి పచ్చరాయి తెర అని పేరు. పేరు చక్కగా ఉంది. పొట్లం మీద మాత్రం ఏమీ లేదు. కంపెనీ లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. మూడు వందల యాభై రూపాయలు. సిరప్‌లో ఏం కలిసిందో తెలియక భయపడి వచ్చినవాళ్ళకి ఏముందో తెలియని పొడి ఇస్తే ఎలా? అడిగితే, మాచిపత్రికి చుట్టమైన మొక్కలోంచే మలేరియా మందు తీశారు, తు యూయూ అనే చైనా శాస్త్రవేత్తకి 2015లో నోబెల్ వచ్చింది అని చెప్పారు. వచ్చింది, కాదనను. కానీ ఆవిడ ఆ మొక్క సారం తీసి, పరీక్షలు పెట్టి, మోతాదు తేల్చాక కదా అది మందయింది. మా అబ్బాయి ఇంకో వైపు చెప్పాడు: 1990ల్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు వాడి ఎంతోమంది కిడ్నీలు పోగొట్టుకున్నారు. ఒక మూలిక బదులు గాడిదగడపాకు జాతి మొక్క కలిసిందట. మన చేల గట్ల మీద ఉండే గాడిదగడపాకుకి చుట్టమే. పొట్లం విప్పకుండా చెత్తబుట్టలో వేశాను. ముప్పై మూడేళ్ళలో నంబరు లేని టికెట్ నేను ఎవరికీ ఇవ్వలేదు, ఎవరి దగ్గరా తీసుకోను.

లెక్క చెబుతాను. మొదటిసారి చూసినందుకు అయిదు వందలు, సిట్టింగుకి నాలుగు వందల చొప్పున ఆరు, పొట్లంతో కలిపి మొత్తం మూడు వేల రెండు వందల యాభై. పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమని కౌంటర్లో రెండుసార్లు అడిగారు, ఒత్తిడి చెయ్యలేదు. ఫోన్‌పే చేసినా రసీదు అడిగి తీసుకోవాలి.

ఫలితమా? వేబిల్లు రాసిన చెయ్యి కాబట్టి పిల్ల జబ్బులు కూడా డైరీలో రాస్తాను. 2024 అక్టోబరు నుంచి జనవరి దాకా అయిదుసార్లు పడింది. ఈసారి అదే నాలుగు నెలల్లో నాలుగుసార్లు, అందులో ఒకటి ఆస్పత్రి. దీన్ని చూసి వైద్యం పనిచేసిందని నేను అనలేను. రాత్రి దగ్గు మాత్రం బాగా తగ్గింది. బాదం పాలు మానేశాం, పెరుగన్నం మధ్యాహ్నానికి మార్చాం, రాత్రి ఏడింటికల్లా చారన్నం, ఏసీ ఇరవై ఏడు, మంచం చెమ్మ గోడకి మూడు అడుగులు ఇవతలికి జరిపాం. వీటిలో ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు. ఇవన్నీ ఆ నలభై నిమిషాల్లో ఆవిడ చెప్పినవే, ఆ అయిదు వందలు నాకు ఏ మాత్రం బాధ లేదు. మర్దన ఇంట్లో మేమే చేస్తున్నాం. పిల్ల స్నానమయ్యాక వచ్చి తనే ఉంగరం వేలు చాపుతుంది, నేను లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టమంటుంది.

నా సలహా: మొదటిసారి చూపించుకోవడానికి వెళ్ళొచ్చు. పొట్లం తీసుకోవద్దు. జ్వరమున్న పిల్లని తీసుకెళ్ళొద్దు. పొద్దున పదిన్నరకి వెళ్తే ఖాళీగా ఉంటుంది, బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలో వెళ్ళడం నయం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచి ఫోన్ చేస్తే మనిషి వచ్చి పిల్లని ఎత్తుకుంటారని బోర్డు మీద రాసి ఉంది. కానీ ఆ ఫోన్ ఎత్తేది ఇప్పటికీ ఆ అమ్మాయే.